కనుబొమ్మ మీది గీత

కరెంటు పోయి యూపీఎస్ కూస్తోంది. మా చింతామణి ఊళ్ళో ఇది కొత్త కాదు గానీ, ఆ కూత వింటే నా చెయ్యి ఇప్పటికీ ముందు సేవ్ మీదికే పోతుంది. ఇవాళ కంప్యూటరు తెర మీదున్నది పద్మక్క ఫోటో. ఆమె పోయి ఇంకా నెల కాలేదు. దండ వేయడానికి పెద్ద పటం కావాలని ఆమె కూతురు ఒక పాత ఫోటో తెచ్చింది. "మచ్చలన్నీ తీసేసి నున్నగా చెయ్యన్నా," అని చెప్పి నా పక్కనే కూర్చుంది.

డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో పద్మక్క స్టూడియోలో నేను కంప్యూటరు పని చేసేవాణ్ణి. ఆమె తన తండ్రి దగ్గర ఫిల్ము నెగెటివుల మీద పెన్సిలుతో దిద్దడం నేర్చుకున్న మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది, ఎప్పుడూ జారిపోయే కళ్ళజోడూ అక్కడే ఉండేది. నాకేమో ఫిల్టర్ల మోజు. ఏ ఫోటో వచ్చినా ముందు నాయిస్ తగ్గించడం, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కల్ని చెరిపేయడం, ఆపైన రంగులద్ది గీసిన బొమ్మలా మార్చడం. జనానికీ అదే నచ్చేది. గోడ నిండా అవే. "పెండ్లికొడుకులంతా ఒక్క తల్లి బిడ్డల మాదిరి ఉండారే సీనప్పా," అని ఆమె ఎగతాళి చేసేది.

ఒక మధ్యాహ్నం సోమేనహళ్ళి నుంచి ఒకామె తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మతి నిలకడ లేని కొడుకును, నయమవుతుందని మురుగమల్ల దర్గాకు తీసుకొచ్చి జనంలో పోగొట్టుకుందట. బస్టాండుల్లో అంటించడానికి ఫోటో కావాలి. ఉన్నదల్లా ఒక పెళ్ళి గుంపు ఫోటో. అందులో వెనక వరుసలో గోరంత మొహం. వాళ్ళు ఎక్కాల్సిన బాగేపల్లి బస్సు కదిలేలోగా ఇచ్చేయాలి. స్కాన్ చేసి పెద్దది చేస్తే మొహమంతా చుక్కలే. అలవాటుగా నాయిస్ తగ్గించాను. మొహం తేటపడింది.

"ఇప్పుడు బాగుండాది. ఆ గోడ మీద ఉండేవాట్ల మాదిరి రంగులేసి ఇయ్యప్పా," అన్నాడు తమ్ముడు. "నలుగురూ చూసేది. పిచ్చోని మాదిరి కనపడకూడదు."

తల్లి మాత్రం తెర దగ్గరికి వంగి ఏదో వెతుక్కుంటోంది. పద్మక్క కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఏమమ్మా, నీ కొడుకేనా?"

"మావోని మాదిరే ఉండాడు," అని నసిగిందామె.

"మాదిరి వొద్దు. కండ్లు మూసుకో. వాని మొగం మీద చెయ్యి పెడితే ఏం తగుల్తుంది, చెప్పు."

ఆమె కళ్ళు మూసుకుని గాలిలోకి చెయ్యి చాపింది. "ఎడమ కనుబొమ్మ మీద గీత. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలింది. ఆడ వెంట్రుకలు రాలేదు."

తెర మీద ఆ గీత లేదు. నేను తీసేసిన చుక్కలతో పాటు తుడిచిపెట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి యూపీఎస్ కూత మొదలుపెట్టింది.

"బస్సు పోతుంది, ఉండేదే ఇచ్చేయండమ్మా," అని తమ్ముడు లేచి నిలబడ్డాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"బస్సు పోతే ఇంగోటి వస్తుంది. ఈ మొగం అంటిస్తే మీవాన్ని ఎవురు గుర్తుపడతారు?" అని పద్మక్క నా వైపు తిరిగింది. "మొదట్నుంచి చెయ్యి. కనుబొమ్మ కాడ ముట్టుకోవద్దు."

కనుబొమ్మను వదిలేసి, తక్కిన చోట చుక్కల్ని కొంచెమే తగ్గించాను. బ్యాటరీ అయిపోతోందని కూత వేగం పెరిగింది. తల్లి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. సేవ్ నొక్కానో లేదో, తెర నల్లబడింది. కరెంటు వచ్చేదాకా నలుగురం ఆ నల్ల తెరకేసి చూస్తూ కూర్చున్నాం. మళ్ళీ తెరిచి చూస్తే, సేవ్ అయింది. గీతతో సహా ఉంది. వాళ్ళు తరువాతి బస్సుకు వెళ్ళారు.

కొన్నాళ్ళకు గుడిబండె బస్టాండులో పూలమ్మే ఒకామె, అక్కడ అంటించిన ఫోటో చూసి అతన్ని పోల్చుకుంది. గడ్డం పెరిగి, చిక్కిపోయి, ఫోటోకూ అతనికీ పొంతన లేదట. గీత ఒక్కటే కలిసింది. తల్లి అతన్ని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చినప్పుడు పద్మక్క ఆ కనుబొమ్మ నిమిరింది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో అన్నీ నున్నగా చేసేస్తుంది. అది నొక్కే ముందు మాత్రం ఎవరినైనా పద్మక్క అడిగిన ఆ ప్రశ్న అడగకుండా ఉండలేను.

కరెంటొచ్చింది. కూత ఆగింది.

"అమ్మ మొగం మీద చెయ్యి పెడితే ఏం తగుల్తుంది పాపా?"

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. గాలిలోకి చెయ్యి చాపింది. "ముక్కుకు రెండు పక్కలా గుంటలు. కండ్లజోడువి."

కళ్ళు తెరిచి తెర మీద వాటిని వెతుక్కుంది. "అవి తియ్యొద్దన్నా," అంది.