మాస్టారు మా ఇంటికి పంపిన ఆటగాళ్లు

“వచ్చే ఈస్టరుకి ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుంటావా, మరియమ్మా?”

“ముందు మీరు మంచం దిగండి మాస్టారూ. తర్వాత సూద్దాం.”

జోసెఫ్ మాస్టారికీ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. ఈ ఉదయం బడి మైదానంలో ఎవరో విజిల్ ఊదారు. గంజి వారుస్తూ, మాస్టారే ఊదారనుకున్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. అందుకే ఇదంతా నేను చెబుతుంటే మా మేనకోడలు సునీత రాస్తోంది.

మాస్టారు మా అనకాపల్లి బడిలో డ్రిల్లు నేర్పేవారు. ఊళ్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో ఆయనకొక పిచ్చి పట్టింది. ఎప్పుడో పెద్ద యుద్ధం అయిపోయాక, చితికిపోయిన దేశాలు ఈస్టరు సెలవుల్లో తమ కుర్రాళ్లని ఒకచోట చేర్చి ఫుట్‌బాల్ ఆడించాయట. దేశాల మధ్య కుర్రాళ్ల పోటీలు అలా మొదలయ్యాయట. కొన్ని ఊళ్లలో వచ్చిన పిల్లల్ని ఊరివాళ్లే ఇంటికిద్దరు చొప్పున పెట్టుకుని అన్నం పెట్టేవారట. “మనమూ అలాగే సేద్దాం” అని చర్చి వరండాలో చెప్పి, పూడిమడక, నక్కపల్లి, పరవాడ జట్లని పిలిచేశారు.

“మనోళ్లని ఓడించడానికొచ్చినోళ్లకి మనమే కూడెట్టాలా?” అని నవ్వారు జనం.

“ఆటంటే అదేనోయ్” అన్నారాయన.

మా ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. తలుపు సగం వేసుకుని, పొద్దుటి గంజితోనే రాత్రీ గడిపేదాన్ని. అలాంటి నా గుమ్మంలోకి ఇద్దరు పూడిమడక కుర్రాళ్లని తెచ్చి నిలబెట్టారు.

“మొగుడు పోయిన ఇంటికేటి మాస్టారూ, ఆటగాళ్లని? ఇంకే ఇల్లూ దొరకలేదేటి?” అంది పక్కింటి రత్నం.

ఆయన నావైపు చూశారు. “పొయ్యుందా లేదా?”

“ఉంది.”

“అయితే ఎలిగించు. ఈళ్లకి ఆకలేత్తంది.”

నూకరాజు అనేవాడు కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. “మాయమ్మ ఇచ్చింది పిన్నీ.” ఎండుచేపలు. వంకాయలేసి వండాను. అన్ని నెలల తర్వాత నా ఇంటి కూర వాసన వీధిలోకి వెళ్లింది.

మర్నాడు మా ఊరికీ పూడిమడకకీ ఆఖరి ఆట. ఒక మూల నిలబడి చూద్దామనే వెళ్లాను. నూకరాజు కాలికి బంతి అందగానే నాకే తెలియకుండా అరిచాను. “ఎడమేపు కొట్రా, నూకరాజూ!” మైదానమంతా తిరిగి చూసింది.

“ఏ ఊరిదానివే నువ్వు?” అంది రత్నం.

“మనూరే. పొద్దున్న నా సేతి కూడు తిన్నాడు, ఏటి సెయ్యమంటావు?”

మాస్టారు నోట్లోంచి విజిల్ తీసి మరీ నవ్వారు. పూడిమడక ఓడిపోయింది. కుర్రాళ్లు నా అరుగు మీద కూర్చుని ఏడిస్తే మళ్లీ అన్నం పెట్టాను. ఆ రోజు బొంగురుపోయిన గొంతు మళ్లీ బాగుపడలేదు. తలుపు మాత్రం మళ్లీ వేసుకోలేదు.

ఆ తర్వాత ప్రతి ఈస్టరుకీ ఎవరో ఇద్దరు వచ్చేవారు. “ఎప్పటికైనా శ్రీలంక కుర్రాళ్లని రప్పిత్తాను. ఆళ్లూ అన్నం తినేవోళ్లే, నీకేం ఇబ్బంది లేదు” అనేవారు మాస్టారు. అంతలో మంచాన పడ్డారు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన అడిగింది ఇద్దరు కుర్రాళ్ల గురించి కాదు. తను లేకపోయినా ఈ తలుపులు తెరిచి ఉంటాయా అని. నాకది అప్పుడు తట్టలేదు. లేస్తారులే అని వేళాకోళమాడి వచ్చేశాను. ఈస్టరు రాకముందే పోయారు. ఆ ఏడు ఏ జట్టూ రాలేదు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఇప్పటికీ ఈస్టరు ముందురోజు రెండు చాపలు దులిపి ఎండలో వేస్తాను.

సునీతా, పైన నేను ‘సూద్దాం’ అన్నది కొట్టెయ్యకు, అలాగే ఉండనీ. దాని కింద కాదు, ఇదిగో ఇక్కడ, చివర్న రాయి: పెట్టుకుంటాను మాస్టారూ, నలుగురినైనా పెట్టుకుంటాను. రాసేవా? ఏదీ, మొదట్నుంచి ఓసారి సదువు.