మెల్‌బోర్న్‌లో మూగబోయిన సినిమా

తొంభయ్యో సంవత్సరం జూలై చలిలో హేమేంద్ర బాబును మెల్‌బోర్న్ తీసుకువెళ్ళే పని నామీద పడింది. ఆయన బెంగాలీ దర్శకుడు, నటుడు. జాతీయ అవార్డులు అందుకున్నవాడు. నేను సిడ్నీ పక్కన పారమట్టాలో గుమాస్తాను. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరగడంవల్ల బెంగాలీ వచ్చు. మెల్‌బోర్న్‌లో ఆయన సినిమా వేస్తున్న ఫిల్మ్ సొసైటీవాళ్ళకు అది చాలింది. విమానంలో పట్టుకున్న చెవిపోటు ఆయనకింకా తగ్గలేదు. అందుకే పగటి రైలు ఎక్కాం.

ఆయన మొదటి సినిమా నెగటివ్ కలకత్తాలో వరదనీళ్ళకు పాడైపోయింది. మిగిలిన ఒక్క ప్రింటూ మెల్‌బోర్న్‌లో ఉంది. అందులో నాయకుడు ఆయనే, నాయిక ఆయన భార్య మాధవి. ఆమె పోయి రెండేళ్ళు.

"ఆమె గొంతు వినాలని వచ్చాను," అన్నారు.

గౌల్‌బర్న్ స్టేషన్ దాటాక టీ, మాంసం కూరిన మీట్ పై తెచ్చాను. ఆయన టీ మాత్రం తాగారు.

"అవార్డులు వచ్చాక నిర్మాతలు దూరం నుంచే నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. పన్నెండేళ్ళుగా హిందీ సినిమాల్లో తండ్రి వేషాలే."

ఎదుటి సీటులో ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగావిడ ఉంది. ఆయన్ని పరకాయించి చూసి, నాతో అంది: "ఈయన్ని వీడియోలో చూసినా. ఈయన చచ్చిపోతే మా అమ్మ శానా ఏడ్చింది."

బెంగాలీలో చెప్పాను. "ప్రతి సినిమాలో చచ్చిపోతానని చెప్పు," అని ఆయన నవ్వారు. మెల్‌బోర్న్ చేరేసరికి చీకటిపడింది. స్టేషన్ దగ్గరి లాడ్జిలో దిగాం.

మర్నాడు మధ్యాహ్నం ఆట. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. రెండో రీలు మొదలవగానే, మాధవి ఇంకా తెర మీదికి రాకముందే, శబ్దం ఆగిపోయింది. ఆపరేటర్ ఎంత తంటాలు పడ్డా రాలేదు. ప్రింటే చెడిపోయిందన్నాడు.

హేమేంద్ర బాబు లేచి తెర పక్కన నిలబడ్డారు. "నడపండి," అన్నారు. తెర మీద పాతికేళ్ళ కుర్రవాడు పెదవులు కదుపుతుంటే, పక్కనున్న ముసలాయన ఆ మాటలు పలికారు. తల్లివి, పడవవాడివి, అన్నీ. జనం కదల్లేదు.

చివర్లో మాధవి ముఖం తెరనిండా వచ్చింది. ఆమె మాట్లాడుతోంది. ఆయన ఆగిపోయారు.

"ఇది నేను రాసింది కాదు. షూటింగులో తనే అనేసింది," అన్నారు. "గుర్తు రావడం లేదు."

ఆమె చెప్పవలసింది చెప్పి వెళ్ళిపోయింది. దీపాలు వెలిగాయి.

తిరుగు రైల్లో ఆల్బరీ స్టేషన్ దాటింది. ఆయన అడిగారు: "పెదవులు చూశావుగా. ఏమందో ఏమైనా తెలిసిందా?"

"లేదు దాదా."

ఆయన తల ఊపి కిటికీవైపు తిరిగారు. మెల్‌బోర్న్ వెళ్ళేవాళ్ళు అక్కడేం చూడాలని నన్నడిగితే చెప్పలేను. నేను చూసింది ఒక మనిషి తన బతుకంతా పలుకుతూ వచ్చి, కావలసిన మాట దగ్గర ఆగిపోవడం.