ట్రాక్టరు కొనే ముందు నాయన అడిగే మాట

పోయిన నెల మా ఆయనతో కలిసి పాల్వంచ రోడ్డు మీద పాత ట్రాక్టర్లు అమ్మే ఒక యార్డుకు వెళ్లాను. గేటు దాటగానే కాలిన ఇంజన్ ఆయిలు, డీజిలు, మడ్‌గార్డుల కింద ఎండి మళ్లీ వానకు నానిన బురద, అన్నీ కలిసిన వాసన గుప్పున తగిలింది. అది మా నాయన చొక్కా వాసన. కొత్త రంగు పూసుకుని వరసగా నిలబడ్డ బండ్లలో ఒకదాని బానెట్ మీద నాకు తెలియకుండానే అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. "మేం రాకముందే ఎందుకు స్టార్ట్ చేసిండ్రు?" అన్నాను. యార్డు కుర్రాడు తత్తరపడ్డాడు. మా ఆయన నవ్వి, "వాళ్ల నాయన బిడ్డ గదా, గట్లనే అడుగుతది" అన్నాడు.

మాది బూర్గంపాడు దగ్గర, ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి ఉన్న ఊరు. చుట్టుపక్కల ఎవరు పాత ట్రాక్టరు కొనాలన్నా మా నాయనను వెంటబెట్టుకుని పోవలసిందే. అమ్మేవాడు ముందే ఇంజన్ వేడి చేసి పెడితే దాని రోగాలన్నీ దాగిపోతాయని ఆయన పొద్దు పొడవకముందే బయలుదేరేవాడు. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టేవాడు, ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రాసి వాసన చూసేవాడు, రేడియేటర్ మూత విప్పి నీళ్ల మీద నూనె తెట్టు తేలుతోందా అని తొంగిచూసేవాడు, స్టార్ట్ చేయించి పొగ తెల్లగా వస్తోందా, నీలంగా వస్తోందా అని మెడ వెనక్కి వాల్చి నిలబడేవాడు. తర్వాత వెనకున్న కల్టివేటరును పైకి లేపించి, ఇంజన్ ఆపించి, "ఇగ చాయ్ పెట్టుండ్రి" అంటూ అరుగు మీద తీరిగ్గా కూర్చునేవాడు. చాయ్ తాగేలోపు కల్టివేటరు కిందికి జారిందా, లిఫ్టు పోయినట్టే, ఆ బండి పని అంతే. అన్నీ అయ్యాక, బేరం మొదలుపెట్టకముందు, అమ్మేవాడి చెయ్యి స్టీరింగ్ మీద పెట్టించి ఒక్క మాట అడిగేవాడు.

"దీని కింద ఎవరన్న పోయిండ్రా?"

మనిషిని తిన్న బండిని మా వైపు కొనరు. ఎంత చవకగా ఇస్తామన్నా కొనరు. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి అబద్ధమూ ఆడరు.

మా ఆటలు కూడా అవే. ఇప్పపూలు చాపల మీద ఎండుతూ ఊరంతా తియ్యటి మత్తు వాసన వేసే రోజుల్లో, ఏటి అవతల భద్రాచలంలో నవమి మైకు పొద్దంతా మోగుతుంటే, మేం పానకం గ్లాసులు చేతపట్టుకుని వేపచెట్టు నీడన ట్రాక్టరు బేరం ఆడేవాళ్లం. ట్రాక్టరు ఎప్పుడూ మా అన్నే. పేరు సీతారాములు. నాకన్నా చాలా పెద్దవాడు, అప్పటికే మీసాలు వస్తున్నాయి, అయినా మా కోసం చేతులు నేలకు ఆనించి వంగేవాడు. మేం వాడి నాలుక బయటికి లాగి ఆయిల్ చూసేవాళ్లం, చెయ్యి పైకెత్తించి పానకం అయిపోయేదాకా దింపకూడదని హుకుం జారీ చేసేవాళ్లం. వాడు కావాలనే ధబేల్మని దింపేసేవాడు. చివరికి నేను నాయనలాగా గొంతు బొంగురు చేసి ఆ మాట అడిగితే, "లే, నేనెవర్నీ తినలే! ఆకలైతాంది, ముంజలు పెట్టుండ్రి" అనేవాడు.

ఆ మరుసటి దసరాకు మాకూ ట్రాక్టరు వచ్చింది. ఊళ్లోవాళ్లందరికీ కొనిపెట్టిన మనిషి తనకు కొనుక్కోవడానికి ఎన్ని బండ్లను వద్దన్నాడో! అమ్మ గారెలు వండి, కోడికూర చేసి, బండికి బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అన్న తాళం తిప్పగానే ఒక్క పట్టుకు అందుకుంది. మమ్మల్ని ట్రాలీలో ఎక్కించుకుని ఏటి ఒడ్డు దాకా తీసుకుపోయాడు. అంత గొప్పగా నేనెప్పుడూ కూర్చోలేదు, ఎక్కడా.

తర్వాతి నాట్ల కాలంలో ఒక పొద్దున నాయన దమ్మపేట వైపు ఎవరికో ట్రాక్టరు చూసిపెట్టడానికి వెళ్లాడు. అన్న పొలంలో దమ్ము చేస్తున్నాడు. వెనక చక్రాలు బురదలో కూరుకుపోయాయి. అందరూ చేసేదే వాడూ చేశాడు, చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి గేరు వేశాడు. ముందు చక్రాలు పైకి లేచి బండి మొత్తం వెనక్కి తిరగబడింది. నేను బడి నుంచి వచ్చేసరికి అన్నను మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. అమ్మ వాడి చెవుల్లోంచి కొంగుతో బురద తుడుస్తోంది. ఎంత తుడిచినా అది పోవడం లేదు.

బండికి మాత్రం ఏమీ కాలేదు. పాడుది! కడిగి, ఆయిల్ మార్చి, తాళం తిప్పితే ఒక్క పట్టుకు అందుకుంది. అమ్మ దానికేసి చూడలేక పెరటి దారిన నీళ్లకు పోయేది. "దీన్ని నా కండ్ల ముందట్నుంచి తీసెయ్యి" అన్నది ఒక్కటే నాయనను కోరింది. కొనేవాళ్లు వచ్చేవారు, అన్నీ చూసి మెచ్చుకునేవారు, చివర్న ఆ మాట అడిగేవారు. నాయన స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి, "పోయిండు. నా పెద్దకొడుకు. సీతారాములు ఆని పేరు" అనేవాడు. వచ్చినవాళ్లు తల వంచుకుని వెళ్లిపోయేవారు.

ఒకసారి సత్తుపల్లి అవతల నుంచి ఒకాయన వచ్చాడు. అన్నీ నచ్చాయి, బయానా ఇవ్వబోయాడు. అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి ఉంది, ఎన్నాళ్లకో ఆమె ముఖం కాస్త తేటపడింది. నాయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట అడగడం మర్శిండ్రు" అన్నాడు. అడగకుండానే ఆ జవాబు చెప్పాడు. వచ్చినాయన బయానా డబ్బు మళ్లీ జేబులో పెట్టుకుని, నాయనకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

"అడగకపాయె గదా, నువ్వెందుకు చెప్తివి?" అని అమ్మ భోరున ఏడ్చింది.

"రేపు ఆయన పిలగాడు ఎక్కుతడు గదనే" అన్నాడు నాయన.

ఆఖరికి పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. బండిని గ్యాసుతో ముక్కలు కోస్తుంటే, నాయన ఇంకా మిగిలి ఉన్న స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి పక్కనే నిలబడ్డాడు. వాడు తూకం వేసుకుని, లారీలో ఎత్తుకుని వెళ్లిపోయాడు. నాయన ఇంట్లోకి వచ్చి, "వాడేం అడగలేదే" అన్నాడు అమ్మతో.

అన్న పేరు మా ఇంట్లో వినబడటం ఆ రోజుతో ఆగిపోయింది. కొనడానికి ఎవరైనా వస్తేనే కదా నాయన చెప్పేది! వాకిలి ఖాళీ అయింది, అమ్మ మళ్లీ ముందు గుమ్మం నుంచే నీళ్లకు పోయింది. ఏటి అవతల మైకులో మాత్రం ఏటేటా రామనామం మోగేది. అది మొదలవగానే అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దేది. వాళ్లిద్దరూ పోయేదాకా ఆ పేరు వాళ్ల నోట మళ్లీ నేను వినలేదు.

యార్డులో కుర్రాడు ఫోనులో కాగితాలు చూపిస్తున్నాడు. ఇంజన్ గురించి, టైర్ల గురించి, పాత ఫైనాన్సు గురించి అన్నీ అందులో ఉన్నాయట. నేను ట్రాక్టరు మెట్టు మీద కాలు పెట్టి, "దీని కింద ఎవరన్న పోయిండ్రా?" అని అడిగాను.

"ఏంది మేడం, గట్ల అడుగుతుండ్రు?" అన్నాడు. "ఫైనాన్సోళ్లు గుంజుకొచ్చిన బండ్లివి. ఎవరివో, ఏమైనయో మాకేం తెల్వది. గిసొంటివి ఇప్పుడెవరూ అడుగుతలేరు."

మా ఆయన పోదాం పద అన్నట్టు నా భుజం తట్టాడు. నా చెయ్యి అప్పటికే స్టీరింగ్ మీద ఉంది.

"మా ఇంట్ల ఒకటుండె" అన్నాను. "దాని కింద మా అన్న పోయిండు. సీతారాములు ఆని పేరు."