శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు

మా పెదనాన్న తిరువొత్తియూరులో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. రాహుకాలంలో గల్లాపెట్టె తెరవడు, ఎవరికీ మాట ఇవ్వడు. తొంభైల చివర్లో నేను బంధువుల కోసం మెయిలింగ్ లిస్టు పెట్టాను. ఒక్క ఉత్తరం రాస్తే అందరికీ చేరుతుందని విని ఆయన ముచ్చటపడి, వెంటనే ఒక షరతు పెట్టాడు.

"రాహుకాలంలో మాత్రం ఏదీ పోగూడదురా. పెండ్లిమాటలు పోతాయి గదా దాంట్లో. గంటన్నర ఆగితే కొంపలేం మునిగిపోవులే."

నాకు నవ్వొచ్చింది. కానీ తెలివి చూపించుకోవాలనే దురద ఎక్కువ నాకు. ఉత్తరం తీసుకునే వెబ్ పేజీ వేరు, సర్వర్‌లో వెనకాల ఉండి దాన్ని అందరికీ పంచే ప్రోగ్రాం వేరు. ఆ వెనకాలదాన్ని ఏ రోజు రాహుకాలానికి ఆ రోజు నిద్రపోయేలా రాశాను. పేజీలో మాత్రం "మీ ఉత్తరం పంపబడింది" అని వెంటనే కనబడేలా పెట్టాను. ఆగిందని తెలిస్తే ఫోన్లు చేసి ప్రాణం తీస్తారని నా భయం. పెదనాన్న ఇంటికొచ్చిన ప్రతివాడి దగ్గరా నన్ను పొగిడాడు.

ఒక వానాకాలం శుక్రవారం తెల్లవారుజామున ఆయన పోయాడు. ఆయనకు ఉన్న ఒక్క చెల్లెలు, మా మేనత్త, అదే నగరంలో దూరంగా టి. నగర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. వానలకు వాళ్ళ ఇంటి ఫోను చచ్చింది, బావ ఆఫీసు నంబరు మా దగ్గర లేదు. మా అన్న రైలెక్కి వెళ్ళి చెప్పొస్తానంటే నేనే ఆపాను. "ఎందుకన్నా తడుస్తావు? మెయిల్ కొడతా. బావ ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటర్ ముందరే గదా."

బ్రౌజింగ్ సెంటర్‌లో కనెక్షన్ దొరికేసరికి పదిన్నర దాటింది. పేజీలో "పంపబడింది" అని వచ్చింది. నేను రాసిన అబద్ధాన్ని నేనే నమ్మి ఇంటికొచ్చి, అత్త బయల్దేరి ఉంటుందని అందరికీ చెప్పాను.

మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. మబ్బు కమ్మింది. కట్టెలు తడిస్తే కష్టమని పెద్దవాళ్ళు తొందరపెట్టారు. "కబురు పొయ్యింది గదా, ఇంగేం చేస్తాం. ఎత్తండప్పా" అన్నాడు చిన్నాన్న.

మేం శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి, అప్పుడే కడిగిన నేల మీద, తడిలోనే కూర్చుని ఉంది అత్త. బావ పక్కన నిలబడి ఉన్నాడు.

"పన్నెండు దాటినాకే వచ్చింది మెయిలు. చూసిన వెంటనే ఇంటికి బొయ్యి అమ్మను ఆటోలో తీసుకోనొస్తి" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ రోజు శుక్రవారమని, నేను మెయిల్ కొట్టింది రాహుకాలంలోనని. అందరి ముందే జరిగింది చెప్పాను. "పోనీలేరా, ఆయన పెట్టిచ్చిందే గదా" అని చిన్నాన్న సర్దిచెప్పబోయాడు. ఆ ఓదార్పు ఇంకా నరకంగా ఉంది. ఆయన ఆపమన్నది పెళ్ళిమాటలను. చావుకబురుకు దారి వదలాలన్న ఇంగితం నాకు ఉండొద్దూ?

అత్త తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని నావైపు చూసింది.

"మా అన్న చావుకబురుకు గూడా మంచి గడియ చూస్తివా, నాయనా?"