పిన్ని వదిలేసిన కూజా

నా చిన్నప్పుడు, మేము కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌కి మారిన మొదటి వేసవిలో, భూమి తరచూ వణుకుతూ ఉండేది. పెద్ద భూకంపాలేమీ కావు. వంటింట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి, కిటికీ అద్దాలు జిర్రుమనేవి, అంతే. మా అమ్మ పోపు వేస్తూ ఒక్క క్షణం ఆగి మళ్ళీ గరిటె తిప్పేది. మా నాన్న టీవీ మీంచి చూపు కూడా తిప్పేవాడు కాదు. నాకు మాత్రం ఆ గలగల ఆగిపోయాక కూడా కాళ్ళ కింద ఉన్నది నిజంగా నేలేనా అని అనుమానంగా ఉండేది. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టేదాన్ని కాదు. ఎవరైనా మెట్లు గట్టిగా దిగితే గుండె ఝల్లుమనేది. రాత్రిళ్ళు బూట్లు వేసుకునే పడుకునేదాన్ని, లేచి పరిగెత్తాల్సి వస్తుందేమోనని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

కనిపెట్టింది మా పిన్ని. అమ్మకి చెల్లెలు, మా పక్క ఊరు డబ్లిన్‌లో ఒక్కతే ఉండేది. ఒక మ్యూజియంలో టెక్నీషియన్‌గా పనిచేసేది. తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో ఎవరైనా అంకుల్ ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే ఆ మాటే చెప్పేది. "ఓ, ఐటీ సపోర్టా! మ్యూజియం వాళ్ళు కూడా వీసా స్పాన్సర్ చేస్తారా?" అనేవారు. "కాదంకుల్, గోడలకి బొమ్మలు తగిలిస్తాను" అని నవ్వేసేది. దూరాల నుంచి చెక్కపెట్టెల్లో వచ్చే చిత్రాలనీ విగ్రహాలనీ పాత్రలనీ విప్పి, మోసి, నిలబెట్టి, ప్రదర్శన ముగిశాక మళ్ళీ దెబ్బ తగలకుండా సర్ది పంపడం ఆమె పని. అంత జాగ్రత్త ఆమె నడకలో కూడా ఉండేది. మా ఇంట్లో కాఫీ కప్పు పట్టుకున్నా రెండో చెయ్యి అడుగున ఉండేది.

ఒక ఆదివారం మా ఇంట్లో పడుకున్నప్పుడు దుప్పటి సర్దుతూ నా బూట్లు చూసింది. నవ్వలేదు. మంచం అంచున కూర్చుని కాసేపు నా జుట్టు నిమిరింది. "రేపు మా మ్యూజియం క్లోజ్డ్. బాస్‌ని అడుగుతాను, నాతో రా. భూమి కదిలినా పడకుండా వస్తువుల్ని ఎలా కడతామో చూపిస్తా" అంది.

మర్నాడు ఆ ఖాళీ హాల్లో అడుగు పెడితే మా చెప్పుల చప్పుడు మాకే తిరిగి వినిపించింది. పిన్ని నన్ను ఒక పూలపాత్ర దగ్గరికి తీసుకెళ్ళి వంగి చూడమంది. దూరం నుంచి ఊరికే నిలబడినట్టు కనిపించే పాత్రని అడుగున సన్నటి ఇత్తడి కొక్కేలు పట్టుకుని ఉన్నాయి. ఇంకొకదాని మెడ చుట్టూ గాలపు దారంలాంటి పారదర్శకమైన దారం బల్లకి బిగించి ఉంది. ఆ హాల్లో ఊరికే నిలబడిన వస్తువు ఒక్కటీ లేదు. ఒక ఖాళీ పీఠాన్ని నా చేతులతో తొయ్యమంది. బలమంతా పెట్టి తోశాను. కదల్లేదు. మళ్ళీ తోసి చూసి, చాలా రోజుల తరవాత నవ్వాను.

తరవాత ఆమె పనిలో పడింది. ఆ రోజు నిలబెట్టాల్సింది ఒక పెద్ద మట్టి కూజా. సముద్రపు ఒడ్డున ఉన్న ఏదో ఊళ్ళో ఒక ముసలావిడ దాన్ని ప్రదర్శనకి ఇచ్చింది. ఆవిడ తల్లి స్వయంగా చేసిన కూజా అట. నన్ను గోడ పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, పిన్ని గ్లవ్స్ తొడుక్కుంది. ఆమెతో పనిచేసే గడ్డం పెద్దాయన పీఠం దగ్గర కొక్కేలు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. పిన్ని మెత్తలు పరిచిన బండిలోంచి కూజాని రెండు చేతులతో ఎత్తి, ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, నెమ్మదిగా నడవసాగింది.

ముందు శబ్దం వచ్చింది. వీధిలో బరువైన లారీ వెళ్తున్నట్టు. తరవాత నా స్టూలు నా కింద పక్కకి జరిగింది. ఇది గిన్నెలు గలగలలాడించే కదలిక కాదు. పైన దీపాలు ఊగాయి, గోడలు కిర్రుమన్నాయి, హాలంతా ఎవరో పట్టుకుని విదిలిస్తున్నట్టయింది. స్టూలు అంచుని రెండు చేతులా బిగించి కూర్చుండిపోయాను. నా పక్కన దీపాలు సరిచేసే పొడుగాటి నిచ్చెన ఒకటి ఉంది. అది ఒక కాలి మీద లేచి నా వైపు ఒరిగింది.

పిన్ని దాన్ని చూసింది. ఆమె చేతులు తెరుచుకున్నాయి. కూజా జారిపోలేదు. నేను చూశాను, ఆమె వదిలేసింది. పగిలిన చప్పుడు నా చెవిన పడేలోపే ఆమె నన్ను నడుం పట్టి లాగి, గోడ వారనున్న పనిబల్ల కిందకి తోసి, నా మీద పడుకుంది. "తల కిందకి! తల కిందకి!" అంటూనే ఉంది. వెనకాల నిచ్చెన నేలని కొట్టిన దెబ్బకి నా పళ్ళు టకటకలాడాయి. ఆమె గుండె నా వీపు మీద కొట్టుకోవడం తెలుస్తోంది. ఇది ఇక ఎప్పటికీ ఆగదు, మేము ఇక్కడే ఉండిపోతాము అనుకున్నాను.

ఆగింది. బయటికి వచ్చి చూస్తే కట్టిన ప్రతి వస్తువూ కట్టినచోటే ఉంది. నేను కూర్చున్న స్టూలు మీద నిచ్చెన అడ్డంగా పడి ఉంది. పెద్దాయన గోడకి ఆనుకుని "ఆర్ యూ ఓకే? ఈజ్ షీ ఓకే?" అని పదే పదే అడుగుతున్నాడు. హాలు మధ్యలో ఎర్రటి పెంకులు.

పిన్ని వాటి పక్కన కూలబడింది. ముట్టుకోలేదు. గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు పుట్టింది నాకు అసలు భయం. నేను రాకపోయి ఉంటే కూజా ఆమె చేతుల్లోనే ఉండేది. ఆమె ఉద్యోగం పోతుంది. వీసా పోతుంది. ఇంకెప్పుడూ నా మొహం చూడదు. మెల్లగా వెనక్కి జరిగి ఒక ఖాళీ చెక్కపెట్టె వెనక దాక్కున్నాను.

కాసేపటికి ఆమె వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు. "ఎందుకు ఏడుస్తున్నానో తెలుసా అమ్మలూ?" అని అడిగింది. నావల్ల, అన్నాను. "కాదు. కూజా పోయినందుకు ఏడుస్తున్నాను. నువ్వు ఉన్నందుకు కాదు. ఆ రెండూ కలపకు."

ముసలావిడకి ఫోన్ తనే చేస్తానని బాస్‌తో చెప్పి చేసింది. ఆవిడ ఆ వారంలోనే వచ్చింది. జరిగినదంతా విని, ఆ పెంకుల ముందు నిలబడి ఏడ్చి, పిన్నితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఉద్యోగం ఉంది కానీ, చాలాకాలం పిన్నికి గోడలకి రంగులు వేసే పనే ఇచ్చారు. ఒకసారి మా అమ్మ, ఓదారుద్దామనే, "పోనీలేవే, మట్టి కుండేగా" అంది. పిన్నికి కోపం వచ్చింది. "అలా అనకక్కా. అది ఆవిడకి వాళ్ళమ్మ." నేను ఆగలేక అడిగేశాను. "మళ్ళీ అలా అయితే ఏం చేస్తావు పిన్నీ?"

"మళ్ళీ వదిలేస్తా. మళ్ళీ ఏడుస్తా" అంది, వెంటనే.

భూకంపాలంటే భయం నాకు పోలేదు. ఇప్పుడు తల నెరిసింది, ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటున్నాను, లారీ వెళ్తే ఇప్పటికీ ఊపిరి బిగబడతాను. నాకు ఆ రోజు నుంచి మిగిలింది వేరు. పెద్దవాళ్ళు ఏడుస్తుంటే చూసే పిల్ల, ఆ ఏడుపు తనవల్లే అనుకుంటుంది. ఎవరూ చెప్పకపోతే జీవితాంతం అలాగే అనుకుంటుంది. మా అమ్మ పోయిన రోజు నేను వంటింట్లో నేల మీద కూర్చుని ఏడుస్తుంటే, మా చిన్నది గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. దాని చేతిలో నేను పొద్దున కోప్పడి లాక్కోబోయిన ట్యాబ్ ఉంది. దాన్ని నాకు ఇవ్వడానికి చాస్తోంది. దగ్గరికి పిలిచి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎవరికోసం ఏడుస్తున్నానో, దేనికి ఏడవడం లేదో రెండూ విడివిడిగా చెప్పాను. అది చాలాసేపు నా మొహం చూసి, మెల్లగా ఊపిరి వదిలింది.