అమ్మ వదులుకున్న ఇత్తడి బిందె

తెల్లదొరల కాలంలో మా తాలూకా ఆడవాళ్ళకు బిందెల చీటీ అని ఒకటుండేది. మార్కాపురంలో ఇత్తడి సామాన్ల దుకాణంవాళ్ళు నడిపేవాళ్ళు. ఇరవైమంది నెలకు నాలుగణాలు కట్టాలి. పేర్లు రాసిన చీట్లు చెంబులో కలిపి నెలకొకటి తీస్తారు. పేరు వచ్చినామెకు బిందె ఇస్తారు, ఇక ఆమె కట్టనక్కర్లేదు. చివరిదాకా పేరు రాకపోయినా ఆఖరి నెలలో బిందె దక్కుతుంది. మధ్యలో మానుకుంటే మాత్రం కట్టిందంతా పోయినట్లే.

మా ఊళ్ళో చీట్లు తీసేది మోతుబరి ఇంటి పెద్దమ్మ వసారాలో. ఆమె చేలో కూలికి పోయే మా అమ్మ, కోడిగుడ్లు అమ్మి చీటీ కట్టేది. ఎండాకాలం గుండ్లకమ్మ ఏటి ఇసుకలో చెలమ తోడి నీళ్ళు తెచ్చుకొనే మాకు, దారిలో కుండ పగిలితే ఏమవుతుందో తెలుసు. పైగా ఇత్తడిదైతే కరువులో కుదువ పెట్టుకోవచ్చు. చీటీ తీసే రోజు అమ్మ నున్నగా తల దువ్వుకొని పోయేది.

"నీ పేరు చెంబు అడుగున నిద్రపోతాంది. గట్టిగా పిలువు," అని పెద్దమ్మ ఎగతాళి చేసేది.

ఆ ఏడు ఊరి బయట మా పాళెంలోని క్రైస్తవుల గుడికి కొత్త పాదిరి అయ్యగారు వచ్చినారు. మగవాళ్ళ పేకాట మాన్పించాలని పట్టుబట్టినారు. పేకాటలో దొరికిపోయిన మా చిన్నాయన సంఘం ముందర లేచి, "మేం ముక్క తీస్తే పాపం, ఆడోళ్ళు చీటీ తీస్తే పుణ్యమా అయ్యగారూ?" అన్నాడు. అందరూ నవ్వినారు. అయ్యగారు నవ్వలేదు. అదృష్టం మీద ఆశ పెట్టుకొనేదంతా జూదమేనని, చీటీ మానుకోనివాళ్ళకు కూడా ఆదివారం గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో పాలు లేదని చెప్పినారు.

మరుసటి రోజే అమ్మ పెద్దమ్మ దగ్గరికి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"ఇంక కొన్ని నెలలే గదా. నీ చీటీ నా పేరున ఉండనీలే," అంది పెద్దమ్మ.

"పేరు మారిస్తే ఆయనకు తెలీదా పెద్దమ్మా?"

"ఊళ్ళో ఇంతమంది ఉంటే మీ దేవుడికి నీ బిందె ఒక్కటే కనపడిందేందే."

అమ్మ నవ్వి, కొడవలి తీసుకొని చేలోకి పోయింది. ఆ ఆదివారం బల్ల దగ్గర మోకరించింది. చిన్నాయన పేకాట మానలేదు, వంక అవతలికి మార్చుకున్నాడు, అంతే.

నా బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. పలకల కార్ఖానాలో పని చేస్తూ, సాయంత్రాలు మార్కాపురం గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదివినాను. ఒకరి గెలుపు ఇంకొకరి నష్టమైతే అది జూదమని అక్కడే చదివినాను. అట్లయితే బిందెల చీటీలో నష్టపోయింది ఎవరు? ఒకరు తక్కువ, ఒకరు ఎక్కువ కట్టినా కడదాకా ఉన్నవాళ్ళందరికీ బిందె దక్కింది. ఎంత ఆలోచించినా, కట్టిందంతా పోగొట్టుకున్నది మానుకున్న అమ్మ ఒక్కతే కనపడింది. ఈ మాట చెప్పగలిగిన మనిషి ఆనాడు మా పాళెంలో ఒక్కరున్నా బాగుండేది.

కూలి డబ్బులు కూడబెట్టి అమ్మకు ఇత్తడి బిందె తెచ్చేసరికి ఆమె నడుము వంగిపోయింది. బిందెను చంకన పెట్టుకొని వాకిలి దాకా నడిచి, దించేసింది.

"ఒట్టిదే ఇంత బరువుందేంది నాయనా," అంది. కొంగుతో దాని అంచు తుడిచి, "అప్పుడైతే మోసేదాన్నిలే," అని, మట్టి ముంత తీసుకొని చెలమకు పోయింది.