మూడు లెక్కపెట్టే ఫీఫీ

బోర్డులు రాసే ఫీఫీ అబ్బన్‌కు ఒకటే జబ్బు. ఏ బోర్డు రాసినా దారిన పోయేవాడి ముఖం ముందు నిలబెట్టి, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, చటుక్కున గుడ్డ కప్పేసి, "ఏం చూశావు?" అని అడుగుతాడు. చూసినవాడు నీళ్ళు నమిలాడా, ఆ బోర్డు పని అయిపోయినట్టే. మొత్తం చెరిపేస్తాడు. ఈ జబ్బుతోనే అతను ఒక వైద్యుడి నోరు మూయించడం నా కళ్ళతో చూశాను.

ఆ వైద్యుడు మూలికల బైడూ. లారీలు ఆగే చోట కొత్త దుకాణం పెట్టి, తాను నయం చేసే రోగాలు ఇరవై ఏడూ బోర్డు మీద ఉండాలన్నాడు. వాటి పక్కన తన ఫోటో, పైన బైబిలు వాక్యం, కింద జెండా, మూలన ఒక తాబేలు.

"తాబేలెందుకు పెద్దాయనా?" అన్నాడు ఫీఫీ.

"నా మందు తాగినవాడు తాబేలంత కాలం బతుకుతాడు. అందుకు."

"ఇరవై ఏడు రోగాలు చదివేలోపు మనిషికి ఇరవై ఎనిమిదోది వస్తుంది. ఒక సీసా, ఒక ఆకు వేస్తాను. పసుపు మీద నలుపు. చుట్టూ ఖాళీ."

"ఖాళీయా? ఖాళీకి నేను డబ్బులివ్వాలా? మరి నా మిగతా రోగాలన్నీ ఏమైపోవాలయ్యా?"

"లోపలికొచ్చాక చెప్పుకోండి. బయట అరిస్తే మూలశంక ఉన్నవాడు ఎలా వస్తాడు? పదిమంది చూస్తుండగా ఆ మాట ముందు నిలబడతాడా?"

నేను అమ్మే కెంకే, అంటే ఆకులో చుట్టి ఉడికించిన పులిసిన మొక్కజొన్న ముద్దలు, ఉన్న బేసిన్ నెత్తి మీంచి దించి కూర్చున్నాను. తగువును సగంలో వదిలి వెళ్ళడం మా ఇంటావంటా లేదు. చివరికి బైడూ, "నేను చెప్పింది చెప్పినట్టు రాయి. తీర్పు జనం చెబుతారు," అన్నాడు. ఫీఫీ నాలుగు రోజులు కూర్చుని, తాబేలుతో సహా రాశాడు. ఐదో రోజు బోర్డు రోడ్డు పక్కన నిలబెట్టారు. కేప్ కోస్ట్ పట్నం వెళ్ళే బస్సు వచ్చి మలుపు దగ్గర నెమ్మదించింది. ఫీఫీ దాని వెంట పరుగెత్తుతూ రేకు మీద దబదబా బాదాడు.

"ఒకటి, రెండు, మూడు! ఏం చూశారు?"

"లాటరీ నంబర్లు!" అన్నాడు కిటికీ పక్కన కుర్రవాడు.

"పరీక్ష పాసైనవాళ్ళ పేర్లు," అంది ఒకావిడ.

వెనక సీటు ముసలాయన ఒక్కడే ఆశగా తల బయటపెట్టాడు. "తాబేలు మాంసమా? ఎంతకిస్తున్నారు?"

బైడూ తన చేత్తోనే గుడ్డ తీసుకుని తుడిచేశాడు. ఇప్పుడు అక్కడ ఒక సీసా, ఒక ఆకు. రోగులు మురిక్కాలువ దాకా వరుస కట్టి ఉంటారు. ఫీఫీని పొగడబోతే, "నేను గెలవలేదక్కా, బస్సు గెలిచింది," అన్నాడు.

బోర్డులతో ఆగితే అది జబ్బెలా అవుతుంది? ఒక ఆదివారం మా పాస్టరుగారు పన్నెండు అంశాలతో ప్రసంగించారు. ఫీఫీ ముందుగానే బయటికి వచ్చి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళను వచ్చినట్టే పట్టుకున్నాడు. "మూడు లెక్కపెట్టేలోగా చెప్పండి, ఏం గుర్తుంది?" పదిమందిలో ఏడుగురికి అసెమా వాళ్ళ పసిపిల్ల ఏడుపు గుర్తుంది. ఇద్దరికి ఆకలి గుర్తుంది. పదో మనిషి పాస్టరుగారి భార్య. ఆవిడ గబగబా ఇంటిదారి పట్టింది. మరుసటి వారం అంశాలు మూడయ్యాయి. ఊరంతా పాస్టరుగారికి దేవుడి సాక్షాత్కారం అయిందనుకుంది.

భార్యనూ వదల్లేదు. ఎకూవా ఎవరి పెళ్ళికో వెళ్ళాలని ముస్తాబై వస్తే కళ్ళు మూసి తెరిచి, "మూడు లెక్కపెట్టాను. నీ తలగుడ్డ కనిపించింది, గాజులు కనిపించాయి, నువ్వు కనిపించలేదు," అన్నాడు.

"నేను సరిగ్గా కనిపించిన రోజున నువ్వు ఇంట్లో ఉండలేవు, నడువు," అంది ఎకూవా.

ఇంతమంది ఊళ్ళో ఉండగా, కొత్త బోర్డు ఏదైనా ముందు నాకే చూపించేవాడు. నా కొట్టు ముందు నిలబెట్టి, గుడ్డ ఎత్తి, దించి, "అరబా అక్కా, ఏంటిది?" అనేవాడు. మంగలి కొట్టు, కుట్టుపని, గొడుగుల బాగు. టక్కున చెప్పేదాన్ని. ఊళ్ళో తెలివైనది ఎవరో ఇతనికి తెలుసు అనుకునేదాన్ని. రెండేళ్ళు బడికి వెళ్ళినదాన్ని మరి. అక్షరాలు ఒక్కొక్కటిగా ఎదురైతే పలకరిస్తాను. గుంపుగా వస్తే పక్కకు తప్పుకుంటాను. అది నాకూ దేవుడికీ మాత్రమే తెలుసనుకున్నాను.

అయినా అతని మీద నాకొక కోపం ఉంది. మా వరుసలో అందరి బోర్డుల మీదా వాళ్ళ పేర్లున్నాయి. నా బోర్డు మీద ఆకు సగం విప్పిన కెంకే, పక్కన వేయించిన చేప, ఎర్రటి మిరపకాయ. అక్షరమన్నది లేదు. "నా పేరేదయ్యా?" అంటే, "అక్షరాల రంగు అయిపోయిందక్కా, వచ్చాక రాస్తాను," అన్నాడు. పద్దెనిమిదేళ్ళయింది. ఆ రంగు ఏ సముద్రంలో మునిగిందో! కనిపించినప్పుడల్లా అడిగి తిడుతూనే ఉన్నాను.

ఇంతలో ఊరికి రెండంతస్తుల కొత్త బజారు వచ్చింది. ఒకే రంగు స్తంభాలు, ఒకే రంగు కొట్లు. కట్టినవాడిని లోపల వదిలితే వాడే బయటికి రాలేడు. పాత బజారు మూసేశారు. నాకు లోపలెక్కడో ఒక కొట్టు, దానికొక అక్షరం, ఒక నంబరు ఇచ్చారు. నెలాఖరులోగా వ్యాపారం సాగని కొట్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్ళు చెప్పేశారు. మా అమ్మ అమ్మిన కెంకే, నేను ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్న కెంకే. ఆ కొట్టు పోతే నేను ఎండలో బేసిన్ పట్టుకుని రోడ్డున పడాల్సిందే.

దారి చూపే బొమ్మల పని ఫీఫీకి అప్పజెప్పారు. చేపల వరుసకు చేప, కందగడ్డల వరుసకు కంద, మా వరుసకు ఆకులో చుట్టిన కెంకే. జనం తలల మీదుగా అందరికీ కనబడాలని ప్రతి మలుపులోనూ ఎత్తున, పైకప్పు దగ్గర వేశాడు. వరుసకో రంగు. చూడముచ్చటగా ఉన్నాయి.

"అక్కా, రేపు తెరుస్తారు. ఇవాళ ఒకసారి బేసిన్‌తో వచ్చి, నీ కొట్టు నువ్వే వెతుక్కో. నేను వెనకాల వస్తాను," అన్నాడు.

నిండు బేసిన్ నెత్తిన పెట్టుకుని బయలుదేరాను. ఇక్కడ ఆడవాళ్ళకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు, మగవాళ్ళకు చెప్పాలి. నెత్తిన బరువున్న మనిషి తల ఎత్తదు. ఎత్తితే కెంకే నేల మీద ఉంటుంది. ఫీఫీ బొమ్మలన్నీ పైకప్పు దగ్గరే ఉన్నాయి. నాకు కనిపించినవి స్తంభాలూ, మనుషుల నడుములూ. వెనక నుంచి ఫీఫీ, చుట్టూ పాత బజారు ఆడవాళ్ళు, అందరి కళ్ళూ నా మీదే. దారి తెలియలేదని ఈ అరబా వీళ్ళందరి ముందు ఒప్పుకుంటుందా? నా కొట్టెక్కడో చూసుకోవడానికి ముందురోజే మనవరాలితో వచ్చి స్తంభాలు లెక్కపెట్టుకుని వెళ్ళాను. ఎండుచేపలవాళ్ళు అప్పటికే దించుకున్న సరుకు వాసన వచ్చేదాకా నేరుగా, అక్కడి నుంచి ఏడో స్తంభం దగ్గర ఎడమకు. రాణీగారిలా వెళ్ళి నా కొట్టు ముందు ఆగాను.

"పిల్లకాయలు కూడా కనుక్కుంటారయ్యా," అన్నాను.

ఫీఫీ ముఖం వెలిగిపోయింది. ఆ ఒక్క మాట నమ్మి, బొమ్మల పని అయిపోయిందని నిచ్చెన తిరిగి ఇచ్చేశాడు.

బజారు తెరిచారు. నా కెంకే తినేది ఎవరు? తెల్లారకముందే ఊళ్ళ నుంచి బరువులు మోసుకొచ్చే ఆడవాళ్ళు. వాళ్ళెవరూ తల ఎత్తలేరు. నన్ను వెతుక్కుంటూ కందల వరుసలోకి వెళ్ళి, విసుగొచ్చి బయట రొట్టెలు కొనుక్కున్నారు. మొదటి వారం సగం బేసిన్ వెనక్కి వచ్చింది. రెండో వారం ముప్పావు బేసిన్. మా ఇంట్లో అందరూ మూడు పూటలా కెంకే తిన్నారు. చివరికి పక్కింటి మేక కూడా మొహం తిప్పుకుంది. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులు.

అంతకంటే పెద్ద అవమానం ఇంకొకటుంది. చేపలవాళ్ళను పక్క వరుసకు మార్చారు. వాసన మారిపోయింది. దాంతో నా కొట్టు నాకే దొరకలేదు. నిండు బేసిన్‌తో బజారు మూడుసార్లు చుట్టాను. తెలిసినవాళ్ళు ఎదురైతే, "కాస్త గాలికి తిరుగుతున్నా," అన్నాను. నెత్తిన నలభై కెంకేలతో గాలికి ఎవరు తిరుగుతారు?

నాలుగో చుట్టులో మెట్ల కింద ఫీఫీ కనిపించాడు. గోడకు ఆనుకుని చూస్తున్నాడు. చాలాసేపటి నుంచే చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి నా బేసిన్ దింపి, తానే చేతుల్లో పట్టుకుని నా కొట్టుకు నడిచాడు. నేను వెనక నడిచాను.

"నవ్వు, నవ్వేసెయ్," అన్నాను కూర్చుంటూ. "అరబాకు సొంత కొట్టు దొరకలేదని ఊరంతా చెప్పుకో."

"ఆ రోజు ఎలా కనుక్కున్నావక్కా?"

"వాసనతో. స్తంభాలు లెక్కపెట్టి."

అతను తల ఎత్తి బొమ్మలు చూశాడు. తర్వాత నా బేసిన్ తన నెత్తిన పెట్టుకుని మళ్ళీ చూడబోయాడు. రెండు కెంకేలు దొర్లి కిందపడ్డాయి.

"అయ్యో! నా కెంకే!"

"అక్కా, దారిన పోయేవాడికి ఏం కనబడుతుందోనని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. వాడి నెత్తిన ఏముందో ఒక్కసారీ చూడలేదు. బరువు మొయ్యనివాడు వేసిన బొమ్మలివి."

"తప్పు నీదెలా అవుతుందయ్యా? అబద్ధమాడింది నేను," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడానికి మూడు కాదు, ముప్పై లెక్కపెట్టాల్సి వచ్చింది. "నాకు పరువు కావాల్సొచ్చింది. నీకేం తెలుసు?"

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"పద్దెనిమిదేళ్ళ కిందట నీ బోర్డు తెచ్చాను, గుర్తుందా? మొదట తెచ్చింది. మొత్తం అక్షరాలే."

"గుర్తుంది. ముత్యాల్లాంటి అక్షరాలు. నా పేరు మరీ బాగా వచ్చింది. ఇంకో పూత వెయ్యాలని పట్టుకుపోయి, అన్నీ చెరిపేసి తెచ్చావు."

"అది నీ బోర్డు కాదక్కా. తొందరలో వేరేది తెచ్చాను. దాని మీద 'ఇక్కడ టైర్లకు పంచర్లు వేయబడును' అని ఉంది."

నేను చెబుతుంటే ఇదంతా రాసిపెడుతున్న నా మనవరాలు ఈ చోట కలం కింద పెట్టి నవ్వింది. చెవి మెలిపెట్టాక మళ్ళీ మొదలుపెట్టింది.

నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత ఒక ఆలోచన వచ్చింది. పద్దెనిమిదేళ్ళు. ఎకూవాకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే సాయంత్రానికల్లా నాకు చేరేది. రంగు అయిపోయిందన్నందుకు నేను తిట్టినప్పుడల్లా తల వంచుకుని పడ్డాడు. ఆ రోజు తర్వాత అతను రాసిన ప్రతి బోర్డు మీదా అక్షరాల పక్కన ఒక బొమ్మ ఉంది. మంగలికి కత్తెర, కుట్టుపనికి సూది, మందుల కొట్టుకు సీసా. అన్నీ ముందు నాకు చూపించినవే. నాకు తెలిస్తే ఊళ్ళో నాలాంటి వాళ్ళందరికీ తెలుస్తుందని.

"అంటే నా తెలివి చూసి కాదన్నమాట నన్ను అడిగింది," అన్నాను.

"నీ తెలివి చూసే అక్కా. తెలియనిది తెలియనట్టు కనబడకుండా ఇన్నేళ్ళు తిరగడానికి ఎంత తెలివి కావాలి! తప్పు నేను అడగడంలో ఉంది. దారి కనుక్కోమని పరీక్ష పెట్టాను. పరీక్ష పెడితే ఎవరైనా పాసవ్వాలనే చూస్తారు."

కిందపడిన కెంకే ఒకటి తీసి, ఆకు దులిపి, నా దగ్గర చేప అడిగి తీసుకుని తినడం మొదలుపెట్టాడు. తింటూనే చెప్పాడు.

"రేపు తెల్లారి నిండు బేసిన్‌తో లారీల వైపు గేటు నుంచి రా. స్తంభాలు లెక్కపెట్టొద్దు, వాసన పట్టొద్దు, మనవరాలిని తేవద్దు. నేను రంగుడబ్బాతో వెనకాల వస్తాను. ఎక్కడ దారి తెలియకపోతే అక్కడే ఆగిపో. ఆగి, నీకు చేతనైనంత గట్టిగా, బజారంతా వినబడేలా నన్ను తిట్టు. నన్ను తిట్టడానికే ఆగావనుకుంటారు అందరూ. నువ్వు తిట్టిన ప్రతిచోటా నీ కళ్ళ ఎత్తులో ఒక బొమ్మ వేసుకుంటూ వస్తాను."